ఒడిలో రాయి

అబ్దుల్ మజీద్ కూర్చుని అన్నం తినగా చూసినవాళ్ళు అయిజలో ఎవరూ లేరు. కంచం ఎడమచేత్తో పట్టుకుని షెడ్డు ముందర అటూ ఇటూ తిరుగుతూ నాలుగు ముద్దలు లోపల వేసుకుంటాడు. చెయ్యి కడిగాడో లేదో తెలియకుండానే మళ్ళీ పానా పట్టుకుంటాడు. మసీదులో చివరి వరసలో, చెప్పులకు దగ్గరగా నిలబడతాడు. క్షవరం చేయించుకునేటప్పుడు తల కుదురుగా పెట్టలేక రెండుసార్లు చెవి కోయించుకున్నాడు. పెళ్ళిచూపుల నాడు కూడా చాయ్ సగం తాగి లేచిపోతే, పిల్ల నచ్చలేదేమోనని సకీనాబీ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తీరా చూస్తే ఆయన వీధిలో నిలబడి, ఎవరిదో ఆగిపోయిన మోటార్‌సైకిల్ ప్లగ్గు ఊడదీస్తున్నాడు.

ఈ కాలుగాలిన పిల్లి గుణమే ఆయనకు ఇన్నేళ్ళూ తిండి పెట్టిందని కూడా చెప్పాలి. మానవపాడు దగ్గరి పొలాల్లో కరెంటు వచ్చీరాని రోజుల్లో ఆయిల్ ఇంజన్లే నీళ్ళు తోడేవి. మజీద్ చేతులు పని నేర్చింది వాటిమీదే. ఇంజన్ ఆగితే ఒక పక్క మడి ఎండుతుంటుంది, ఇంకో పక్క రైతు గట్టు మీద నిలబడి తిడుతుంటాడు. నిదానంగా ఆలోచించే తీరిక ఎక్కడిది? పెద్ద చక్రం మీది గుర్తును చోటుకు తేవడానికి దాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకు ఇంత తిప్పేవాళ్ళు. గుర్తు దాటిపోతే వెనక్కు ఇంత తిప్పేవాళ్ళు. ఆ ఇంజన్లలో గొలుసు ఉండదు, ఒక చక్రం పళ్ళు ఇంకో చక్రం పళ్ళను నేరుగా పట్టుకుని ఉంటాయి. కాబట్టి ముందుకు తిప్పినా, వెనక్కు తిప్పినా గుర్తు దాదాపు ఒకచోటికే వస్తుంది. ఆ చుట్టుపక్కల మెకానిక్కులందరిదీ ఇదే చదువు, ఇదే అలవాటు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక హన్మమ్మ. విత్తనాల కోసం పెంచే సీడు పత్తి వేసిన రైతుల్లో ఆమె పేరు తెలియనివాళ్ళు ఉండరు. క్రాసింగు కాలం వచ్చిందంటే ఆడకూలీలను కూడగట్టి చేలకు తీసుకుపోయే మేస్త్రీ ఆమె. క్రాసింగంటే ఆషామాషీ పని కాదు. సాయంత్రం పూట ఆడచెట్టు మొగ్గను బొటనవేలి గోటితో చీల్చి, లోపలి పుప్పొడి కాడలను గిల్లేస్తారు. మర్నాడు పొద్దున్నే మగచెట్టు పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. ఎండ ముదిరిందంటే ఆ పూట మొగ్గలు ఇక కాయలు కావు. అందుకే తెల్లారేసరికి మనుషులు చేలో ఉండాలి.

దానికోసం ఆమె కర్నూలులో ఎవరో అమ్ముతున్న పాత అంబాసిడర్ కారు కొన్నది. తనే నడుపుతుంది. జీపు కొనుక్కోవచ్చు గదా అని ఎవరైనా అంటే, "జీపుల పోతే కూలోళ్ళు పోతున్నరంటరు. కారుల పోతే ఎవరు పోతున్నరని అడుగుతరు" అంటుంది. ముందు సీట్లో ముగ్గురు, వెనక పట్టినంతమంది, డిక్కీలో సద్దిమూటలు, నీళ్ళ డబ్బాలు. ఆ పట్టినంతమందిలో మజీద్ భార్య సకీనాబీ కూడా ఒకతె. కూతురు నిఖత్ చదువుకని గద్వాల హాస్టల్లో చేరాక ఇంట్లో ఒక్కతే కూర్చోబుద్ధి కాక ఆమె క్రాసింగుకు పోతోంది. మొగ్గ గిల్లడంలో ఆమె గోటికి మంచి పేరుంది.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు కారు ఇంజన్ మొత్తం విప్పి కట్టింది మజీదే. లోపల క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది. పిస్టన్ కిందికీ మీదికీ ఆడుతుంటే గాలి ఎప్పుడు లోపలికి రావాలో, పొగ ఎప్పుడు బయటికి పోవాలో చెప్పేది ఆ క్యామే. దానిమీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి, ఒక్కో ఉబ్బు వచ్చి తోసినప్పుడల్లా ఒక్కో వాల్వ్ తెరుచుకుంటుంది. దాన్ని కర్నూలు పంపి కొత్తగా రుద్దించాడు. దాన్ని తిప్పే చక్రం పళ్ళు కూడా విరిగి ఉన్నాయి. ఆ కారుకు కొత్తది దొరకదు కాబట్టి రాయచూరు పాత సామాన్లలో వెతికి ఒకటి తెచ్చాడు. పిస్టన్లు తిప్పే కింది షాఫ్టు చక్రం మీద ఒక చుక్క ఉంటుంది, క్యామ్ చక్రం మీద ఒక చుక్క. చుక్కకు చుక్క ఎదురుపెట్టి, రెంటికీ కలిపి సైకిలుకు వేసినట్టు గొలుసు వేశాడు. మూత బిగించాడు. బండి మొదటి సెల్ఫుకే పలికింది. మజీద్ అప్పటికే ఇంకో బండి కింద దూరాడు.

పలకడమైతే పలికింది గానీ బండికి దమ్ము లేదు. చదును రోడ్డు మీద పరవాలేదు. హన్మమ్మ మనుషులు పనిచేసే సాయన్న అనే రైతు చేనుకు పోవాలంటే మాత్రం కాలువ కట్ట ఎక్కి దిగాలి. ఆ ఎత్తు సగం ఎక్కేసరికి ఇంజన్ మూలిగి ఆగిపోయేది. హ్యాండ్‌బ్రేకు ఏనాడో చచ్చింది. బండి వెనక్కు జారకుండా చక్రం కింద రాయి వెయ్యాలి, ఆ నల్లరేగడిలో రాయి ఎక్కడ దొరుకుతుంది? అందుకని పొయ్యిరాయంత రాయి ఒకటి కారులోనే పెట్టుకున్నారు. తలుపు పక్కన కూర్చునేది సకీనాబీ కాబట్టి ఆ రాయి ఆమె ఒడిలోకి వచ్చింది. బండి మూలగగానే ఆమె దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. మిగతావాళ్ళు దిగి తోయాలి. సాయంత్రం ఆ రాయి ఆమెతోబాటే ఇంటికొచ్చి, గడప పక్కన చెప్పుల దగ్గర కూర్చునేది.

మజీద్ ఊరుకోలేదు. ఊరుకునే మనిషైతే ఇంత కథ ఉండదు. కార్బురేటర్ విప్పాడు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు పంపు మార్చాడు. మార్చిన పంపు తీసి పాతదే మళ్ళీ పెట్టాడు. ప్రతి సాయంత్రం "ఇయ్యాల్టితోని అయిపాయె అక్కా, రేపు చూడు" అనేవాడు. ప్రతి పొద్దునా కట్ట మీద బండి అదే చోట మూలిగేది.

ఒకనాడు పొద్దున రాయి పెట్టేలోపే చక్రం కదిలింది. సకీనాబీ కుడిచేతి బొటనవేలు రాయికీ నేలకూ మధ్య నలిగింది. ఎముక విరగలేదని దవాఖానలో చెప్పారు గానీ గోరు నల్లబడి ఊడేటట్టుంది. గోరు లేకపోతే మొగ్గ గిల్లడం కుదరదు. ఆ రోజు వాళ్ళు చేరేసరికి ఎండెక్కింది. సాయన్న గట్టు మీద నిలబడి వాడిపోయిన మొగ్గలు చూపించాడు. "ఇంకొక్కసారి గిట్లయితే రాయచూరు దిక్కుకెళ్ళి మనుషులను దెచ్చుకుంట హన్మమ్మా, తప్పు వట్టుకోకు" అన్నాడు.

హన్మమ్మ కారును నేరుగా షెడ్డు ముందర ఆపి తాళంచెవి మజీద్ చేతిలో పెట్టింది.

"శుక్రారం పొద్దుగాల గీ బండి కట్ట ఎక్కాలె తమ్మీ. అప్పటిదాంక ఆటోల పోతం. ఎక్కకపోతే నేను సాయన్నకు మొకం జూపియ్య. నీకూ జూపియ్య."

"ఎక్కుతదక్కా."

"గా మాట నువ్వు శానసార్లు అన్నవ్."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మజీద్‌కు. ఇంటికి పోతే ఇంకా ఘోరం. సకీనాబీ వేలికి కట్టుతో ఎడమచేత్తో రొట్టె కాలుస్తూ ఉండిపోయింది. పొద్దున ఆటోలో పోయేటప్పుడు రాయి అక్కర్లేదు గనుక అది గడప పక్కనే ఉంది. మజీద్ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని చూశాడు, తీసి అవతల పారెయ్యాలనుకున్నాడు, చెయ్యి రాలేదు. పారేస్తే రేపు ఇంకో రాయి వెతుక్కుంటుంది. ఆమె ఒడిలోకి ఆ రాయి వచ్చింది తన పనివల్లే. మళ్ళీ రాకుండా చెయ్యగలడో లేదో ఆయనకే తెలియదు. సిగ్గూ భయమూ కలిసి ఆయనకు రొట్టె సహించలేదు, సగం రొట్టె కంచంలోనే వదిలేసి లేచాడు. లేచాడని అనడమే గానీ కూర్చుంటే గదా.

క్యామ్ రుద్దిన కర్నూలు ప్రదీప్‌కు ఫోన్ చేశాడు.

"చక్రం పాతసామాన్లది అంటాండావు, క్యామ్ కొత్తగా రుద్దినాం. ఇంగ చుక్కను నమ్ముకుంటే ఎట్లప్పా?" అన్నాడు ప్రదీప్. "డిగ్రీలు చూసినావా లేదా?"

మజీద్ చూడలేదు. ఆయనే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరూ చూడరు. కింది షాఫ్టుకు డిగ్రీలు గీసిన చక్రం బిగించి, వాల్వ్ నిజంగా ఎక్కడ పూర్తిగా తెరుచుకుంటోందో అంకెల్లో చూడాలని ప్రదీప్ చెప్పాడు. పిస్టన్ పైకెక్కిన చోటు సున్నా అనుకుంటే, అక్కడినుంచి నూటపది డిగ్రీల దగ్గర రావాలన్నాడు. "ఇంగొక మాటుందప్పా, తిప్పేటప్పుడు..." అని ఆయన ఇంకా అంటూనే ఉన్నాడు. మజీద్ ఫోను జేబులో వేసుకుని బస్టాండు దారి పట్టాడు.

డిగ్రీల చక్రం అయిజలో ఎక్కడ దొరుకుతుంది? బస్టాండు దగ్గర ఫ్లెక్సీ బ్యానర్లు వేసే అరవింద్ దగ్గరికి పోయాడు. గుండ్రంగా మూడువందల అరవై గీతలు కావాలన్నాడు. అరవింద్ అదేమీ పెద్ద పని కాదన్నాడు. పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ ఫ్లెక్సీలు వేసే చెయ్యి గదా, గీతలు గీసి ఊరుకోలేకపోయాడు. చుట్టూ బంతిపూల అంచు వేశాడు, కింద "అబ్దుల్ మజీద్, మెకానిక్, అయిజ" అని రాశాడు, నడిమధ్యలో మజీద్ నవ్వుతున్న ఫోటో పెట్టాడు. దాన్ని రేకు మీద అంటించాక షాఫ్టు బోల్టుకు రంధ్రం చెయ్యాల్సి వచ్చింది. అది సరిగ్గా ఆయన ముక్కులోంచి పోయింది. షెడ్డుకు వచ్చినవాళ్ళంతా ఆ ముక్కు చూసి నవ్వారు. మజీద్‌కు నవ్వే ఓపిక లేదు.

ఇంజన్ మళ్ళీ విప్పి రేకును కింది షాఫ్టుకు బిగించాడు. ముందు పిస్టన్ పైకెక్కే చోటు తేల్చాలి. అది కంటికి తెలియదు, కొసకు చేరినప్పుడు పిస్టన్ కాసేపు ఆగినట్టే ఉంటుంది. అందుకని సిలిండర్ మీద అడ్డంగా ఒక పట్టీ బిగించి, ముందుకు తిప్పితే పిస్టన్ ఎక్కడ తగిలింది, వెనక్కు తిప్పితే ఎక్కడ తగిలింది చూసి, రెంటికీ నడిమధ్యను సున్నాగా పెట్టుకున్నాడు. ముందుకూ వెనక్కూ తిప్పడం ఆయన చేతులకు చిన్ననాటి విద్య. ఆ పని చక్కగా కుదిరింది.

రెండోది వాల్వ్ సంగతి. ఎంత ఎత్తు లేచిందో ముల్లుతో చూపే గేజును గద్వాల లేతుషాపులో అడిగి తెచ్చి, వాల్వ్‌ను తోసే కడ్డీ మీద ఆనించాడు. కడ్డీ లేచేటప్పుడు ఒక ఎత్తు దగ్గర డిగ్రీల రేకు మీది అంకె చూడాలి. పైకెక్కి దిగేటప్పుడు అదే ఎత్తులో ఇంకో అంకె చూడాలి. ఆ రెంటి నడుమన వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నట్టు లెక్క. తిప్పాడు. చెయ్యి ఆత్రంలో చోటు దాటిపోయింది. వెనక్కు ఇంత తిప్పి ముల్లును చోటుకు తెచ్చాడు. రెండు అంకెలూ చూసి నడుమ లెక్కేస్తే నూట పన్నెండు వచ్చింది. ఇంతేనా తేడా అని ఆశ్చర్యపోయి మళ్ళీ తిప్పాడు. నూట పద్దెనిమిది. మళ్ళీ. నూట తొమ్మిది.

గేజును అనుమానించాడు, విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు. ఫ్లెక్సీ సాగిందేమోనని అరవింద్‌ను తిట్టుకున్నాడు. క్యామ్ సరిగ్గా రుద్దలేదని ప్రదీప్‌ను తిట్టుకున్నాడు. చక్రం షాఫ్టు మీద జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుపముక్క ఒకటుంటుంది, కీ అంటారు. దాన్ని ఆకురాయితో కొంచెం మెట్టుగా అరగదీస్తే చక్రం ఆ మేరకు జరుగుతుంది. రెండే డిగ్రీల తేడా అన్న అంకెను నమ్మి ఒక కీ అరగదీశాడు. పెట్టి చూస్తే అంకె ఇంకెక్కడికో పోయింది. అది తీసి ఇంకొకటి అరగదీశాడు. గురువారం పొద్దెక్కేసరికి బల్ల మీద పనికిరాని కీలు వరసగా పడి ఉన్నాయి, ఆయన షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం సకీనాబీ టిఫిన్ డబ్బా తెచ్చింది. గోరు పాడయ్యాక ఆమెకు పొద్దుటి పువ్వులద్దే పనే మిగిలింది, అందుకని తొందరగా వస్తోంది. ఇంట్లో వాళ్ళిద్దరి మాట ఉర్దూ, షెడ్డులో తెలుగు. అది ఎప్పుడు ఎట్లా అలవాటయిందో వాళ్ళకే తెలియదు.

"నిఖత్ అబ్బా, గీ కట్టు వదులైంది. జర కట్టు" అని చెయ్యి చాపింది.

ఆయన గబగబా చుట్టాడు. వదులుగా వచ్చింది. విప్పాడు, మళ్ళీ చుట్టాడు, ఈసారి మరీ బిగిసింది. మళ్ళీ విప్పబోయాడు.

"ఇప్పకు" అంది ఆమె వేలు వెనక్కు తీసుకుంటూ. "ఇప్పి కడితే, ఇప్పి కడితే నొస్తుంది. ఒక్కపారి మెల్లగ కట్టు."

ఆయన కట్టాడు. అన్నం డబ్బా పక్కకు పెట్టి ఇంజన్ వైపే పోయాడు. ఆమె ఇంటికి పోకుండా వెంట వచ్చి, తనను ఇన్నాళ్ళూ సతాయించిన ఆ ఇంజన్ లోపల ఏముందో వంగి చూసింది. ముక్కులో బోల్టు దిగిన మొగుడి ఫోటో చూసి నవ్వు ఆపుకుంది.

"గిదేంది?"

"క్యామ్ చక్రం. గది తిరిగితేనే వాల్వ్ తెరుస్తది. నేను కింద తిప్పుత, గొలుసు దాన్ని తిప్పుతది. చూడు."

ఆమె బాగున్న చెయ్యి ఆ చక్రం మీద పెట్టింది. ఆయన తిప్పాడు. చక్రం ఆమె చేతి కింద కదిలింది. ఎప్పటిలాగే చోటు దాటిపోయింది. ఎప్పటిలాగే ఆయన వెనక్కు ఇంత తిప్పాడు.

"ఇప్పుడు తిప్పుతున్నవా?" అడిగింది సకీనాబీ.

"తిప్పుతున్న గద."

"ఇది కదుల్తలేదు."

ఆయన ఆగిపోయాడు. డిగ్రీల రేకు మీద తన ఫోటో అయితే పక్కకు తిరిగింది. ఆమె చేతి కింద చక్రం మాత్రం ఉన్నచోటే ఉంది. గొలుసు వైపు చూశాడు. ఇందాక బిగువుగా ఉన్న వైపు ఇప్పుడు వదులై వేలాడుతోంది. సైకిల్ పెడలు వెనక్కు తిప్పితే పెడలు కదులుతుంది గానీ చక్రం కదలదని ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. ముందుకు తిప్పినంతసేపూ గొలుసు బిగువుగా ఉండి నిజం చెబుతోంది. వెనక్కు తిప్పగానే సందు పడుతోంది, అదీ ఒక్కోసారి ఒక్కో మాదిరిగా. ఆయిల్ ఇంజన్ల మీద నేర్చిన చేతులు ఆయనను ఇన్ని రోజులూ మోసం చేశాయి.

ప్రదీప్‌కు ఫోన్ చేస్తే, "అదే చెప్పబోతిని, నువ్వు పెట్టేస్తివి. దాటిపోతే వెనక్కు రాగూడదప్పా. మళ్ళా ముందు నుంచి చుట్టుకోని రావల్ల" అన్నాడు.

చుట్టుకుని రావడమంటే మాటలు కాదు. క్యామ్ ఒక్కసారి తిరిగి ఆ చోటికి రావాలంటే కింది షాఫ్టు రెండు చుట్లు తిరగాలి. వెంట్రుకవాసి దాటినా అంతే, మళ్ళీ రెండు చుట్లు. మజీద్ తిప్పాడు. దాటిపోయింది. చెయ్యి వెనక్కు లాగింది. ఆపుకున్నాడు. చుట్టుకుని వచ్చాడు, మళ్ళీ దాటింది. పళ్ళు కొరుక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత కష్టమైన పని చేయలేదు, బరువులెత్తినప్పుడు కూడా. ఆమె చక్రం మీద చెయ్యి తీయకుండా నిలబడింది, "వస్తుంది, వస్తుంది, ఆగు" అంటూ. చివరికి ముల్లు చోటుకు రాగానే చెయ్యి ఆగింది. రెండో అంకె కూడా అట్లాగే చూసి లెక్కేస్తే నూట పద్దెనిమిది. ఇంకోసారి చుట్టుకొచ్చినా నూట పద్దెనిమిదే. వాల్వ్ ఎనిమిది డిగ్రీలు ఆలస్యంగా తెరుచుకుంటోంది. ఆ పాత చక్రం చుక్క అబద్ధం చెప్పింది. కట్ట ఎక్కలేక బండి మూలిగింది అందుకే.

కొత్త కీ అరగదీశాడు. అరగదీసినకొద్దీ పెట్టి చూశాడు, ప్రతిసారీ ముందు నుంచే చుట్టుకొచ్చాడు. నూటపది వచ్చాక గొలుసు మూతతో సహా విప్పినవన్నీ బిగించాడు. పొద్దు గూకేలోపు ఇంజన్ పలికింది. చప్పుడులో తేడా తెలిసింది గానీ "అయిపాయె" అని మాత్రం ఆయన అనలేదు. ఇదివరకు చాలాసార్లు అన్నాడు.

శుక్రవారం తెలతెలవారుతుండగా హన్మమ్మ వచ్చింది. టైరు కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆడవాళ్ళు ఎక్కారు. స్వరూప అనే ఆమె దస్తీలో ముఖం దాచుకుని "ఇయ్యాల్ల ఎంతదూరం తోసుడో" అంటే అందరూ నవ్వారు. సకీనాబీ ఇంట్లోంచి వచ్చింది. ఒక చేతిలో సద్దిమూట, చంకలో ఆ రాయి.

మజీద్ ఎదురొచ్చాడు. "రాయెందుకు?"

"ఉండనీ" అంది ఆమె, ముఖం చూడకుండా. తలుపు పక్కన కూర్చుని రాయిని ఒడిలో పెట్టుకుంది.

ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. ఆమె తప్పేమీ లేదు. ఇన్ని పొద్దుల్లో ఒక్క పొద్దైనా ఆయన మాట నిలబడలేదు గదా. మోటార్‌సైకిల్ తీసి కారుకంటే ముందే కట్ట కిందికి పోయి, అక్కడ అడుగులు లెక్కబెడుతున్నట్టు అటూ ఇటూ తిరిగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పనికిరాని కీ ఒకటి దొరికితే దాన్నే వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

కారు వచ్చింది. హన్మమ్మ గేరు మార్చింది. ఎత్తు మొదలైంది. రోజూ మూలిగే చోటికి వచ్చేసరికి మజీద్ చక్రం వెనక్కు పరుగెత్తడానికి సిద్ధంగా ఒంగాడు. ఇంజన్ గొంతు బరువెక్కింది గానీ తడబడలేదు. కారు ఆ చోటు దాటింది. ఇంకా ఎక్కుతోంది.

కట్ట అంచు ఇంకా రెండు మూడు బారల దూరం ఉందనగా, ఎత్తు ఇంకా మిగిలి ఉండగానే, వెనక తలుపు సందుగా తెరుచుకుంది. కట్టు కట్టిన చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. రాయి జారి దుమ్ములో పడింది. దొర్లుతూ వచ్చి మజీద్‌కు కాస్త దూరంలో ఆగింది. తలుపు మూసుకుంది. కారు అంచెక్కి అవతలికి దిగిపోయింది.

ఆయన మెల్లగా పోయి ఆ రాయి మీద కూర్చున్నాడు.

కాసేపటికి అటుగా చేనుకు పోతున్న సాయన్న ఆయనను అట్లా చూసి బండి ఆపాడు. మజీద్ కూర్చుని ఉండడం సాయన్న ఎరగడు.

"ఏంది మజీదూ, పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న సాయన్నా" అన్నాడు మజీద్, లేవకుండానే.